టెక్ సందేహాలు: ఫ్లెక్స్ మీద ‘శుభాకాక్షంలు’, మాట తప్పిన బాట్, కలంకారీకి కాపీ

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఏఐ మీదే. ఫోన్ వేడెక్కడం, బ్యాటరీ ఉబ్బడం లాంటివి వచ్చే వారానికి జరిపాను, ఏమనుకోకండి. (బ్యాటరీ ఉబ్బినవాళ్లు మాత్రం నా జవాబు కోసం ఆగకండి, ఫోన్ ఆఫ్ చేసి ఈరోజే సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.)

ప్రశ్న: చిత్తూరులో ఫ్లెక్స్ షాపు నాది. కస్టమర్లే ఫోన్లో ఏఐతో బొమ్మ చేసుకొచ్చి ప్రింట్ మాత్రం కొట్టివ్వమంటున్నారు, డిజైన్ డబ్బులు పోయాయి. పోనీ నేనే వాడదామంటే గంగమ్మ జాతర ఫ్లెక్స్‌లో ‘శుభాకాంక్షలు’ కాస్తా ‘శుభాకాక్షంలు’ అయి కూర్చుంది. ఐదుసార్లు చేయిస్తే ఐదు రకాల తప్పులు. ఏం చేయాలి?

అన్నా, బొమ్మలు చేసే ఏఐ అక్షరాలను టైపు చేయదు, అక్షరాల్లా కనిపించే బొమ్మ గీస్తుంది. తేడా అక్కడే ఉంది. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘క్ష’ కంప్యూటర్ లోపల క, పొల్లు, ష అని మూడు ముక్కలు, వాటిని కలిపి ఒక రూపం ఇచ్చేది ఫాంట్. ఫాంట్‌తో పని లేకుండా రంగు చుక్కలు పేర్చుకుంటూ పోయేదానికి ఒత్తు ఎక్కడ ఆగాలో, సున్నా ఎక్కడ పడాలో చూచాయగా మాత్రమే తెలుసు. ఇంగ్లీషు పోస్టర్లు లెక్కలేనన్ని చూసింది కాబట్టి అందులో తప్పులు తక్కువ. కొత్త మోడళ్లు కొంత మెరుగే. అయినా పెళ్లి ఫ్లెక్స్‌లో పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు పడితే మోడల్ వచ్చి మాట పడదు, మీరే పడాలి.

కాబట్టి దానితో అక్షరాలు రాయించకండి. వెనకాల బొమ్మ మాత్రమే అడగండి, ‘పైన మూడో వంతు ఖాళీగా వదులు, ఎక్కడా అక్షరాలు వద్దు’ అని స్పష్టంగా చెప్పండి. అక్షరాలు ఫోటోషాప్‌లో మీరే కొట్టండి. డీటీపీ షాపుల్లో వాడే పాత పద్ధతి అను ఫాంట్లలో కొట్టే అలవాటు ఉంటే అలాగే కానివ్వండి. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ మాత్రం యూనికోడ్ (ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే అక్షరాల పద్ధతి), దాన్ని తెచ్చి అను ఫాంట్ పెడితే గజిబిజి అవుతుంది. దానికి యూనికోడ్ ఫాంటే కావాలి, పాత ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి, లేదంటే ఒత్తులు విడివిడిగా పడతాయి. ఇంకా పేజ్‌మేకర్‌లోనే ఉన్నారంటే దానికి యూనికోడ్ తెలియదు, యూనికోడ్‌ను అను అక్షరాల్లోకి మార్చే కన్వర్టర్ తప్పదు. మండలి, రామభద్ర, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మన కాళహస్తి కవి ధూర్జటి పేరు మీద కూడా ఒకటుంది, హెడ్డింగ్‌లకు బాగుంటుంది.

ఇక కస్టమర్ తెచ్చే బొమ్మల సంగతి. అవి సాధారణంగా 1024 పిక్సెళ్ల (రంగు చుక్కల) వెడల్పు ఉంటాయి. పదడుగుల ఫ్లెక్స్ అంటే 120 అంగుళాలు, అంటే అంగుళానికి ఎనిమిదిన్నర పిక్సెళ్లు! ఫోన్లో ముత్యంలా కనిపించింది గోడ మీద మసకబారిపోతుంది. బొమ్మను పెద్దది చేసే అప్‌స్కేల్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానితో నాలుగింతలు చేసినా అంగుళానికి 34 దాటదు, ఎత్తున కట్టే ఫ్లెక్స్‌కి సరిపోతుంది, షాపు ముందు బోర్డుకి సరిపోదు. ఇంకో చిక్కు, పెంచేటప్పుడు అది ముఖాల్లో లేని గీతలు కల్పిస్తుంది, మీ వార్డు నాయకుడు ఆయన బావమరిదిలా తయారవుతాడు. ముఖం మాత్రం అసలు ఫోటో నుంచి కట్ చేసి పెట్టండి. ఈ పనంతా మీరు చేస్తున్నదే కదా, బిల్లులో ‘ఫైల్ సరిచేసినందుకు’ అని వేరే గీత వేసి తీసుకోండి. డిజైన్ డబ్బులు పోలేదు, వేరే పేరుతో మీ దగ్గరే ఉన్నాయి.

అడగలేదు గానీ ఒక మాట. సినిమా హీరో మన షాపు చీర పట్టుకుని నవ్వుతున్నట్టు చేసివ్వమని అడిగేవాళ్లుంటారు. ఒప్పుకోకండి. 2023లో అనిల్ కపూర్, 2025లో మన నాగార్జున ఇలా పేరు, ముఖం, గొంతు వాడుకోవడం మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ప్రింట్ కొట్టిన షాపు పేరు ఫ్లెక్స్ కింద మూలలో మీరే వేస్తారు కదా.

ప్రశ్న: తిరుపతిలో ట్రావెల్స్ నడుపుతున్నాను. వాట్సాప్‌లో జవాబులకు ఏఐ బాట్ పెట్టించాను. నెల్లూరు నుంచి వచ్చే ఫ్యామిలీకి అది ‘300 రూపాయల దర్శనం టికెట్ శ్రీనివాసం దగ్గర అప్పటికప్పుడు ఇస్తారు’ అని చెప్పేసింది. పదకొండు మంది దిగి నా ఆఫీసు ముందు గొడవ. బాట్ చెప్పినదానికి నేనెలా బాధ్యుణ్ణి?

మీరే బాధ్యులు సామీ. కెనడాలో అచ్చం ఇలాంటి తగవే వచ్చింది. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. బాట్ మాటకు తమ పూచీ లేదన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి డబ్బు కట్టించింది. మీ నంబర్ నుంచి వెళ్లిన మాట మీ మాటే.

మీ బాట్ చేసిందేమిటంటే రెండు నిజాలు కలిపి ఒక అబద్ధం వండింది. తిరుపతిలోని టీటీడీ వసతి గృహం శ్రీనివాసంలో ఇచ్చేవి ఉచిత సర్వదర్శనం టోకెన్లు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సినవి. రెండింటి గురించీ ఎక్కడెక్కడో చదివింది, అడిగినప్పుడు పక్కపక్కన ఉన్న మాటలు అతికించేసింది. దానికి అబద్ధమాడుతున్నానని తెలియదు, అందుకే తడబాటు లేకుండా చెబుతుంది, కొండ మీద దళారీ కూడా అంత ధీమాగా చెప్పలేడు. మీ రేట్లు, బండ్లు, పికప్ టైములు ఒక పేజీ రాసి ‘ఇందులో ఉన్నవే చెప్పు, దర్శనం మాటెత్తితే టీటీడీ వెబ్‌సైట్ చూడమను, లేదా నాకు ఫోన్ కలుపు’ అని పెట్టించండి. అలా పెట్టినా జారుతుంది, తక్కువ జారుతుంది. మొదటి మెసేజ్‌లోనే ‘ఇది ఆటోమేటిక్ జవాబు’ అని ఉండాలి. ఆ పదకొండు మందికీ సర్ది చెప్పి ఉంటారనుకుంటాను, కనీసం బండి బాడుగ వాపసు ఇవ్వండి.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. నాన్న కలంకారీ వేస్తారు, నేను ఇన్‌స్టాలో ఫోటోలు పెడతాను. మేం వేసిన జీవవృక్షం లాంటిదే ఏఐతో చేయించి, బట్ట మీద డిజిటల్ ప్రింట్ కొట్టి ‘కాళహస్తి కలంకారీ’ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మా ధరలో పదో వంతు. ఏమైనా చేయగలమా? నాన్నకి చెప్పలేదు, బాధపడతారని.

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చేయగలిగినవి, చేయలేనివి రెండూ ఉన్నాయి.

చేయలేనిది ముందు చెబుతా. ఒక శైలి మీద ఎవరికీ కాపీరైట్ లేదు. జీవవృక్షాన్ని ఎవరైనా వేయొచ్చు, యంత్రంతోనైనా. కానీ మీ నాన్న వేసిన ఫలానా బొమ్మ, ఆ కొమ్మల అల్లిక, ఆ నెమళ్లు, ఆయనవి. గీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, ఆయన తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్టర్ చేయకపోయినా పోదు, చేస్తే రుజువుకి పనికొస్తుంది. వాళ్ల బొమ్మనూ మీ బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూడు. కొమ్మకి కొమ్మ సరిపోతే అమ్మే సైట్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది, మొదట పోస్ట్ చేసిన తేదీతో సహా పెట్టు. పోలిక మాత్రమే ఉంటే ఆ దారి మూసుకున్నట్టే.

అప్పుడు రెండో దారి, అది నాకు ఎక్కువ గట్టిగా కనిపిస్తోంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, ఉంది. బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు గానీ ఆ పేరు పెట్టి ఎవరు పడితే వాళ్లు అమ్మకూడదు. మీ నాన్న అధీకృత వాడుకదారుగా (ఆ పేరు వాడే హక్కున్నవారిగా) నమోదయ్యారా కనుక్కో, లేకపోతే చేయించు. అప్పుడు ఫిర్యాదులో ‘బొమ్మ కొట్టేశారు’ అనక్కర్లేదు, ‘పేరు అబద్ధం’ అంటే చాలు. నిరూపించడమూ తేలిక.

నువ్వు పెట్టిన రెండు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. నాన్న గీతలో వెదురు కలం రంగులో ముంచిన చోట లావుగా మొదలై, రంగు అయిపోయే కొద్దీ సన్నబడి, మళ్లీ ముంచిన చోట చిన్న ముడిలా ఉంది. వాళ్ల ప్రింట్‌లో గీత మొదలు నుంచి చివరిదాకా ఒకటే లావు. పైగా ఒక నెమలికి కాళ్లు మూడు! ఇంకోచోట పెడనలో చెక్క అచ్చులతో వేసే పూలు తెచ్చి కాళహస్తి బొమ్మలో కలిపేసింది, దానికి రెండూ ‘కలంకారీ’యే మరి. ఇవి కొనేవాళ్లకి చూపించాలి. కరక్కాయ కలిపిన పాలలో బట్ట నానబెట్టడం, బెల్లం, ఇనుప ముక్కలు పులియబెట్టి తీసిన నలుపు, ఏటి నీళ్లలో జాడించడం, చిన్న చిన్న వీడియోలుగా పెట్టు. పూర్తయిన బొమ్మ ఫోటో మాత్రం చిన్న సైజులో, కాస్త పక్క నుంచి తీసి పెట్టు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో గ్లేజ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చారు, ఫోటోలో కంటికి పెద్దగా ఆనని మార్పులు చేసి శైలిని అనుకరించే ఏఐని తికమక పెడుతుంది. అది తాళం కాదు, ముళ్లకంచె లాంటిది. ఇప్పటికే పెట్టేసిన ఫోటోలకు పనికిరాదు కూడా.

ఇంగ్లీషు వివరణలు రాయడానికి ఏఐ వాడుతున్నానని, అది తప్పా అని చివర్లో అడిగావు. తప్పేం లేదు. రేపు స్కెచ్‌కి వాడినా నేను తప్పనను, కొనేవాళ్లకి చెప్పి వాడితే. చెప్పకుండా వాడితే నీ పోరాటం కూడా పోతుంది. నాన్నకి చెప్పేయ్, ఆ మూడు కాళ్ల నెమలి చూపించి చెప్పు.

ప్రశ్న: డిగ్రీ ప్రాజెక్టు నేనే రాశాను. డిటెక్టర్‌లో పెడితే ‘ఏఐ రాసింది’ అని వచ్చిందట, మేడం ఒప్పుకోవడం లేదు.

ఆ డిటెక్టర్ల మాట నమ్మలేం. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ వాళ్లే సొంత డిటెక్టర్ సరిగా పట్టడం లేదని 2023 జూలైలో తీసేశారు. ఆ సంగతి మేడంకి మర్యాదగా చెప్పు. గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిచి, ఏ రాత్రి ఏ పేరా రాశావో, ఏది కొట్టేసి మళ్లీ రాశావో చూపించు. వర్డ్‌లో రాసి పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంటే పాత కాపీలు వెతుకు, నోట్‌బుక్‌లో రాసుకున్న చిత్తు ప్రతి ఉంటే అదీ పట్టుకెళ్లు. ఏదీ లేకపోతే ‘ఏ పేజీలోనైనా అడగండి మేడం, చెబుతాను’ అని ఎదురుగా కూర్చో.