రోమా 3:22 చెప్పబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

ప్రభువు నామంలో దీవెనలు. పర్లాకిమిడి కుర్రాళ్ళకి ఈ శనివారం బైబిలు స్టడీలో రోమా 3:22 తీసుకుంటానని రాశావు. గంటన్నరకి ఆ ఒక్క వచనం చాలు. పక్కన గలతీ 2:16 పెట్టుకో, అంతకు మించి ముట్టుకోకు.

గ్రీకుతో మొదలెట్టకు. బోర్డు మీద "పులి భయం" అని, దాని కింద "పిల్లాడి భయం" అని రాయి. మొదటిదాంట్లో భయపడేది పులి కాదు, రెండోదాంట్లో భయపడేది పిల్లాడే. రెండింటికీ రూపం ఒకటే. మూడోది "అమ్మ బెంగ" అని రాసి ఊరుకో. బెంగ పెట్టుకున్నది అమ్మా, అమ్మ కోసం పిల్లలా? వాళ్ళలో వాళ్ళే తగువులాడుకుంటారు. పదిహేను నిమిషాలు ఆడనీ.

పౌలు గ్రీకులో రాసిన "పిస్తిస్ క్రిస్తూ" (మాటకి మాటగా "క్రీస్తు విశ్వాసం") అచ్చంగా ఈ మూడో రకం. క్రీస్తు మీద మనం పెట్టుకున్న విశ్వాసమా, క్రీస్తు చూపిన నమ్మకత్వమా? మన బైబిల్లో "యేసుక్రీస్తునందలి విశ్వాసమూలమైనదై" అని ఉంది. ఆ "నందలి" మీద వేలు పెట్టించు. గ్రీకులో అక్కడ "నందు" అనే మాట లేదు, ఉన్నది ఉత్త షష్ఠి, అంటే మన "యొక్క" లాంటిది. అనువాదకులది తప్పని కాదు, "అమ్మ బెంగ"ని వేరే భాషలో చెప్పాలంటే ఎటో ఒకటి తేల్చుకోవాలి కదా. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషులో షష్ఠిని షష్ఠిగానే వదిలేశారు. ఒడియా బైబిలు తెచ్చుకునేవాళ్ళు మీలో ఉంటారు, వాళ్ళ చేత ఆ వచనం గట్టిగా చదివించు. క్రీస్తు పేరు చివర "ర" వినబడితే షష్ఠి, "ఠారే" వినబడితే సప్తమి, అంటే మన "అందు". సవర బైబిలు చదివేవాళ్ళుంటే వాళ్ళనీ అడుగు.

"పిస్తిస్" కూడా రెండంచుల మాటే. రోమా 3:3లో "దేవుని పిస్తిస్" అన్నచోట మనవాళ్ళు "నమ్మతగినవాడు" అని తిప్పారు. దేవుడు ఎవరినో విశ్వసించాడంటే అర్థం కుదరదు మరి. మార్కు 11:22లో అదే జంట మాటలకి "దేవునియందు విశ్వాసముంచుడి" అన్నారు. ఈ రెండూ పక్కపక్కన రాస్తే, వ్యాకరణం ఒక్కటే తీర్పు చెప్పదని కుర్రాళ్ళకే తెలిసిపోతుంది.

ఇక పండితుల వాదన. ఈ కాలంలో ఈ చర్చని గట్టిగా లేపినది రిచర్డ్ హేస్, 1983లో, క్రీస్తు నమ్మకత్వం అనే పక్షాన. "నందలి విశ్వాసము" అనుకుంటే, వెంటనే వచ్చే "నమ్ము వారందరికి" అన్నది చెప్పిందే చెప్పినట్టవుతుందని ఆ పక్షం మాట. ఎదుటి పక్షంలో జేమ్స్ డన్ ఉన్నాడు. పౌలు లేఖల్లో "విశ్వసించు" అనే క్రియకి యేసు ఎక్కడా కర్త కాడన్నది వాళ్ళ బలం. పైగా గలతీ 2:16 నడుమ "యేసుక్రీస్తునందు విశ్వాసముంచి" అని క్రియతోనే తేటగా ఉంది. "పిస్తిస్ క్రిస్తూ"కి ముందు ఆర్టికల్ (ఇంగ్లీషు "the" లాంటి మాట) లేదు కాబట్టి క్రీస్తు నమ్మకత్వం కాదనే వాదన కూడా వస్తుంది. దాన్ని నమ్ముకోకు. రోమా 4:16లో అబ్రాహాము విశ్వాసానికీ ఆర్టికల్ లేదు, అక్కడ విశ్వసించింది అబ్రాహామే. గలతీలో నా మొగ్గు డన్ వైపు. రోమాలో మాత్రం హేస్ మాటని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం.

చెడేది ఎక్కడో కూడా విను. ఎవడో ఫోన్ తీసి నిఘంటువులో పిస్తిస్‌కి ఉన్న అర్థాలన్నీ చదివి, అన్నీ ఈ వచనంలోనే ఉన్నాయంటాడు. ఒక మాట ఒక చోట అన్ని అర్థాలూ మొయ్యదు, ఆపు. ఇంకొకడు "బైబిలు మార్చేశారట" అంటాడు. ఇక్కడ గొడవ రాతప్రతులది కాదనీ, ఉన్న అక్షరాలు రెండు పక్షాలకీ ఒకటేననీ అప్పటికప్పుడే చెప్పు. లేదంటే అది ఆదివారానికి ఊరంతా పాకుతుంది. చేతులెత్తించి ఓట్లు మాత్రం పెట్టకు. ఓడినవాళ్ళు మళ్ళీ రారు.

చివరి ఇరవై నిమిషాలు నువ్వు మాట్లాడకు. వచనాన్ని రెండు విధాలా మన వాడుక తెలుగులో, "నందలి" లేకుండా, తలా ఒక కాగితం మీద రాయమను. వ్యావహారికం కోసం గిడుగు రామమూర్తి పోరాడింది ఆ ఊళ్ళోనే కదా, ఆ మాత్రం చెయ్యొచ్చు. కాగితాలు దాచిపెట్టు. పై వారం ఫిలిప్పీ 3:9 తీసినప్పుడు, ఎవరు రాసింది వాళ్ళకే ఇచ్చి, అక్కడ అతుకుతుందో లేదో చూడమను.

మీ మావయ్య