జర్మనీలో పేరు, జెండర్ మార్చుకుంటానంటే వీసాకు ఇబ్బందా?

ప్రశ్న: మేడమ్, మా పెద్దబ్బాయి మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, అక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవడానికి విదేశీ నిపుణులకిచ్చే బ్లూ కార్డ్ ఉంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తాను అమ్మాయినని మాతో చెప్పాడు. ఇప్పుడు అక్కడి కాగితాల్లో పేరు, జెండర్ మార్చుకుంటానంటున్నాడు. ఆపరేషన్ చేయించుకోవాలా? ఉద్యోగం, వీసా ఏమవుతాయి? మావారు మాట్లాడటం మానేశారు. నాకు ఒకటే టెన్షన్. – పేరు వేయొద్దు, భీమవరం

జవాబు: అమ్మా, ఆపరేషన్ అక్కర్లేదు. డాక్టర్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. 2024 నవంబర్ 1 నుంచి జర్మనీలో స్వయం నిర్ణయ చట్టం అమల్లో ఉంది. జననాలు, పెళ్లిళ్లు నమోదు చేసే ఆఫీసుంటుంది, స్టాండెస్‌ఆమ్ట్ అంటారు. అక్కడ ముందుగా దరఖాస్తు పెట్టి, మూడు నెలలు ఆగి, స్వయంగా వెళ్లి నా జెండర్ ఇది, నా పేరు ఇది అని ప్రకటించి సంతకం చేయాలి. దరఖాస్తు పెట్టి ఆరు నెలలు దాటిపోతే అది చెల్లదు, మళ్లీ పెట్టుకోవాలి. ఒకసారి మారిస్తే ఏడాది దాకా ఇంకోసారి మార్చడానికి వీల్లేదు.

విదేశీయులకు వర్తిస్తుందా అంటే, బ్లూ కార్డ్ ఉన్నవాళ్లకు వర్తిస్తుందని చట్టంలోనే రాశారు. ఒక్క విషయం మాత్రం మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. మామూలుగా అయితే మనిషి ఏ దేశ పౌరులో ఆ దేశ చట్టమే చూస్తారు, అక్కడే నివాసం ఉంటున్నవాళ్లు కావాలంటే జర్మన్ చట్టాన్ని ఎంచుకోవచ్చు, కాబట్టి జర్మన్ చట్టం ప్రకారమే మార్చుకుంటున్నానని ఆఫీసులో స్పష్టంగా చెప్పాలి.

ఇంత సులువుగా ఇచ్చేస్తారా అని మీకు అనుమానం రావచ్చు. అంతకుముందు 1981 నుంచి నడిచిన చట్టం కింద ఇద్దరు నిపుణుల నివేదికలు, కోర్టు ఉత్తర్వు కావాల్సివచ్చేది. 2011లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసేదాకా, ఆపరేషన్ చేయించుకుని ఇక పిల్లలు పుట్టరని తేలితే తప్ప జెండర్ మార్చేవాళ్లు కాదు. ఒక కాగితం కోసం ప్రభుత్వం మనిషి శరీరాన్ని కోయించుకోమనడం ఎంత దుర్మార్గమో చూడండి! అలాంటివి అనుభవించినవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చిన చట్టమమ్మా ఇది, ఎవరో ముచ్చటపడి ఇచ్చింది కాదు.

అసలు చిక్కు పాస్‌పోర్ట్‌తో వస్తుంది. జర్మన్ ఆఫీసు మన పాస్‌పోర్ట్‌ను మార్చలేదు, అది భారత ప్రభుత్వం చేతిలో పని. 2014 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు కూడా జెండర్ ఏదో చెప్పే హక్కు ఆ మనిషిదేనని తీర్పిచ్చింది కానీ పాస్‌పోర్ట్ మార్పుకు కాగితాలు వేరే కావాలి. అక్కడొక పేరు, ఇక్కడొక పేరు ఉంటే విమానం టికెట్ దగ్గర్నుంచి బ్లూ కార్డ్ రెన్యువల్ దాకా అడుగడుగునా సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే స్టాండెస్‌ఆమ్ట్‌కు వెళ్లకముందే మ్యూనిక్‌లోని మన కాన్సులేట్‌లోనూ, విదేశీయుల ఆఫీసులోనూ ఏమేం కావాలో రాతపూర్వకంగా అడగమనండి.

ఉద్యోగం గురించి బెంగ వద్దు. జెండర్ కారణంగా ఉద్యోగుల పట్ల వివక్ష చూపకూడదని 2006 నుంచి అక్కడ చట్టముంది. మార్పు నమోదయ్యాక, పాత పేరును హాని చేయాలని కావాలనే బయటపెడితే 10,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు.

మీవారికి ఇంకొంత సమయం పట్టొచ్చు, పట్టనివ్వండి. ఈలోపు మీరు మాత్రం ఫోన్ మానొద్దు. మీ అమ్మాయి పెట్టుకున్న పేరేమిటో అడిగి ఆ పేరుతోనే పిలవండి. మీ నోట ఆ పేరు వినడం తనకెంత ధైర్యమో!

ప్రశ్న: నేను నాన్‌బైనరీని, అంటే నన్ను నేను స్త్రీ అనో పురుషుడనో అనుకోను. ఎంఎస్ కోసం డబ్లిన్ వెళ్తున్నాను. అక్కడ అలాగే నమోదు చేసుకోవచ్చా? – హైదరాబాద్

జవాబు: ఐర్లాండ్‌లో కుదరదు. 2015 చట్టం ప్రకారం 18 ఏళ్లు దాటినవాళ్లకు సొంత ప్రకటన చాలు, కానీ స్త్రీ, పురుషుడు అన్న రెండే గడులున్నాయి. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. జర్మనీలో ‘డివర్స్’ అని, అంటే ఆ రెండూ కాని మరో వర్గంగా రాయించుకోవచ్చు, ఖాళీగానూ వదిలేయొచ్చు. మాల్టా, ఐస్‌లాండ్‌లలో ‘ఎక్స్’ అనే గడి ఉంది. హంగరీ అయితే 2020లో జెండర్ మార్పులన్నిటికీ తలుపు మూసేసింది, అక్కడి యూనివర్సిటీకి కూడా అప్లై చేసి ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. డబ్లిన్‌లో ఐడీ కార్డు మీద, హాజరు పట్టీలో మీరు పిలిపించుకునే పేరు వేస్తారేమో చేరేముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడగండి.