గోడ మీద ఏది రాయాలి, బీరువాలో ఏది దాచాలి: సర్కారు కొనుగోళ్లలో కెరీర్

ప్రశ్న: మేడమ్, మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. బీటెక్ మెకానికల్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వేసవిలో ఒక ప్రభుత్వ రంగ సంస్థ పర్చేజ్ విభాగంలో ఇంటర్న్‌షిప్ చేశాను. సప్లయర్లతో రేట్లు మాట్లాడే పనికి విజువల్ మేనేజ్‌మెంట్ ఎలా ఉపయోగపడుతుందో ప్రాజెక్టు చేయమన్నారు. బోర్డులు, రంగు కార్డులు నాకు నచ్చాయి. కానీ స్నేహితులేమో "ప్రభుత్వంలో బేరమే ఉండదు, తక్కువ వేసినవాడికే ఆర్డరు, ఇదేం ప్రాజెక్టు" అంటున్నారు. మా నాన్నగారికి మోటార్ల రీవైండింగ్ షాపు ఉంది. ఒకసారి ఒక ఆఫీసుకి పని చేసిపెడితే బిల్లు కోసం ఎనిమిది నెలలు తిప్పారు. అప్పటి నుంచి సర్కారు కొనుగోళ్లంటేనే ఆయనకు మంట. అక్కడ చేతులు తడపందే పని జరగదంటూ ఆ లైనులోకి వెళ్లొద్దంటున్నారు. ఇందులో నాకు భవిష్యత్తు ఉందా?

జవాబు: అమ్మా, నీ స్నేహితులు చెప్పింది సగం నిజం. మీ నాన్నగారి కోపం పూర్తిగా నిజం. ఆ రెండింటి మధ్యే నీ ప్రాజెక్టు ఉంది. నేను చాలా ఏళ్లు పర్చేజ్‌లో పనిచేసి తర్వాత ఈ సలహాల పనిలోకి వచ్చాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఆ సగం నిజం సంగతి. ప్రైవేటు కంపెనీలోలాగా నలుగురిని పిలిచి, ఒకరి రేటు ఇంకొకరికి చూపించి, ఎవరు దిగితే వాళ్లకి ఆర్డరిచ్చే పద్ధతి ప్రభుత్వంలో కుదరదు. బిడ్లు, అంటే పార్టీలు టెండరులో వేసిన రేట్లు, తెరిచాక బేరమాడటాన్ని కేంద్ర ప్రభుత్వ ఖర్చుల నియమాలు, అంటే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, గట్టిగా వారిస్తాయి. తప్పనిసరైతే, అర్హత ఉన్నవాళ్లలో అందరికన్నా తక్కువ వేసిన పార్టీతో, అంటే ఎల్ వన్‌తో మాత్రమే మాట్లాడమంటాయి. అవినీతిపై నిఘా పెట్టే సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ 2007 మార్చిలో ఇచ్చిన సర్క్యులర్ ఇంకా కచ్చితంగా ఉంటుంది. ఎల్ వన్‌తో కూడా మామూలుగా బేరం వద్దంటుంది. ఒకే కంపెనీ తయారుచేసే వస్తువు, సప్లయర్లు కొద్దిమందే ఉన్న వస్తువు, పార్టీలు కుమ్మక్కయ్యాయన్న అనుమానం, ఇలాంటి ప్రత్యేక పరిస్థితుల్లోనే దానికి దారి ఇస్తుంది. "ఈ రేటుకు ఇస్తారా" అని మనం రాసి పంపే కౌంటర్ ఆఫర్ కూడా బేరం కిందే లెక్క. ఎందుకు మాట్లాడాల్సి వచ్చింది, ఏం మాట్లాడారు అన్నదంతా వెంటనే రికార్డులోకి ఎక్కాలి.

తలుపు ఇంత ఇరుకు కాబట్టే లోపలికి వెళ్లేవాళ్లు బాగా సిద్ధపడి వెళ్లాలి. గోడ మీది బోర్డు పనికొచ్చేది ఆ సిద్ధపడటానికే.

విజువల్ మేనేజ్‌మెంట్ అంటే పెద్ద విద్యేమీ కాదు. రాయగడ స్టేషన్‌లో విశాఖ బండి ఎక్కడుందో ఎవరినీ అడగకుండా బోర్డు చూసి తెలుసుకుంటాం. అలాగే ఒక కొనుగోలు ఎక్కడిదాకా వచ్చింది, ఎవరి దగ్గర ఆగింది అన్నది ఫైలు తెరవకుండానే కనపడాలి. టొయోటా ఫ్యాక్టరీల్లో తైచి ఓనో పెంచిన కాన్‌బాన్ పద్ధతిది కూడా ఇదే సూత్రం. ఆ మాటకు జపనీస్‌లో అర్థం సైన్‌బోర్డు.

మా బోర్డు ఎలా ఉండేదో చెప్తాను, ప్రాజెక్టులో వాడుకో. తెల్ల బోర్డు మీద నల్ల ఇన్సులేషన్ టేపుతో ఎనిమిది నిలువు గడులు: ఇండెంట్ (ఫలానాది కావాలన్న కోరిక పత్రం), స్పెసిఫికేషన్ (వస్తువు ఎలా ఉండాలన్న వివరం), టెండర్, టెక్నికల్ బిడ్ (వస్తువు వివరాల పరిశీలన), ప్రైస్ బిడ్ (రేట్ల పరిశీలన), ఆర్డరు, సరుకు రాక, బిల్లు. ఒక్కో కొనుగోలుకి ఒక్కో కార్డు. కార్డు మీద వస్తువు పేరు, ఆ గడిలోకి వచ్చిన తేదీ, ప్రస్తుతం ఫైలు ఎవరి దగ్గరుందో ఆ మనిషి పేరు. ఏడు రోజులు దాటితే స్కెచ్ పెన్‌తో ఒక ఎర్ర చుక్క, మళ్లీ ఏడు రోజులకు ఇంకో చుక్క. అంతకుమించి హంగులేమీ లేవు.

ఒకసారి కన్వేయర్ రోలర్ల కార్డు స్పెసిఫికేషన్ గడిలో పంతొమ్మిది రోజులు ఉండిపోయింది. డ్రాయింగ్ నంబరు పాతది. పర్చేజ్ వాళ్లు అడుగుతారులే అని ఇండెంట్ పెట్టిన ఇంజనీరు, ఆయనే పంపుతారులే అని పర్చేజ్ క్లర్కు, ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. మా పెద్దాయన ఒకరోజు బోర్డును లోపలి గది నుంచి తీయించి, రెండు సెక్షన్ల వాళ్లూ టీ తాగే వరండా గోడకి పెట్టించారు. రెండు ఎర్ర చుక్కలతో, తన పేరుతో కార్డు కనపడేసరికి ఆ ఇంజనీరు చేతిలో టీ గ్లాసుతోనే క్లర్కు దగ్గరికి నడిచాడు. పది నిమిషాల్లో తేలిపోయింది.

దీనికీ రేట్లకీ ఏమిటి సంబంధం అంటావేమో. ఆ పంతొమ్మిది రోజులు నలభై అయి ఉంటే స్టోర్స్‌లో రోలర్లు నిండుకునేవి. అప్పుడు అత్యవసర కొనుగోలు తప్పదు. అవసరం మనదని పార్టీకి తెలిశాక రేటు ఎక్కడ దిగుతుంది? బేరం సగం ఓడిపోయేది ఇలా ఫైలు ఆగిన చోటే, బల్ల దగ్గర కూర్చోకముందే.

ఇప్పుడు నా వల్ల జరిగిన ఒక పొరపాటు. ఒకే కంపెనీ తయారుచేసే పంపు స్పేర్ పార్టుల కోసం ఎల్ వన్‌తో చర్చకి అనుమతి వచ్చింది. మేం లెక్క కట్టుకుంటే ఆరు లక్షల నలభై వేలు సరైన ధర అనిపించింది. కొత్తగా బోర్డులు పెట్టిన ఉత్సాహంలో ఆ అంకె కూడా చర్చ జరగబోయే గదిలో వైట్‌బోర్డు మీద ఓ మూల రాసి పెట్టాను. కంపెనీ ప్రతినిధి పొద్దున్న బండికే విశాఖ నుంచి వచ్చి, మేమంతా పోగయ్యేదాకా ఆ గదిలోనే కూర్చున్నాడు. ఏడున్నర దగ్గర మొదలుపెట్టాడు. ఏడు దగ్గర కాసేపు ఆగాడు. మూడోసారికి సరిగ్గా ఆరు నలభై అన్నాడు. అక్కణ్ణుంచి ఎంత అడిగినా ఒక్క రూపాయి కదల్లేదు. అప్పుడు నా కళ్లు గోడ మీదికి పోయాయి. ఇంకాస్త దిగేవాడో లేదో ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే అవకాశం నేనే పోగొట్టాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అందుకే నీ ప్రాజెక్టులో మొదటి పేజీలోనే ఒక గీత గియ్యమ్మా. తేదీలు, బాధ్యులు, ఆగిన చోట్లు, బిల్లుల స్థితి గోడ మీద ఉండాలి. చర్చకి మనం వేసుకున్న లెక్క, తెరవని బిడ్ల సంగతి, అవి తెరిచేదాకా ఎవరెవరు టెండరు వేశారన్న పేర్లు బీరువాలో ఉండాలి. నిర్మాణ పనుల టెండర్లలో అంచనా ధర నోటీసులోనే వేస్తారు కదా అని ఎవరైనా అంటారు. అది వేరు, చర్చకి ముందు కమిటీ తన కోసం వేసుకునే లెక్క వేరు. ఫ్యాక్టరీ షాప్‌ఫ్లోర్ కోసం పుట్టిన పద్ధతిని సర్కారు కొనుగోళ్లకు తెచ్చినప్పుడు మార్చాల్సిన ముఖ్యమైన విషయం ఇదే. అక్కడ అన్నీ అందరికీ కనపడితే మంచిది. ఇక్కడ కొన్ని అందరికీ కనపడాలి, కొన్ని టెండర్ కమిటీకి మాత్రమే.

ఇక బీరువాలో ఉండే ఆ కాగితం ఎలా ఉండాలి? ఇది మీ ఇంట్లోనే నేర్చుకోవచ్చు. కాలిపోయిన మోటారు షాపుకి రాగానే మీ నాన్నగారు ఏం చేస్తారో గమనించు. నేమ్ ప్లేటు మీద హార్స్ పవర్ చూస్తారు, ఎన్ని కిలోల రాగి వైరు పడుతుందో చెప్పేస్తారు. కాలిన పాత రాగి ఎవరికి పోతుందన్నది ముందే తేల్చుకుంటారు, రీవైండింగ్‌లో అసలు మెలిక అదే. ఇన్సులేషన్ పేపరు, వార్నిష్, బేరింగులు, కూలి, ఆటో ఖర్చు, జీఎస్టీ కలుపుతారు. పర్చేజ్ భాషలో దీన్ని షుడ్ కాస్ట్ అంటారు, అంటే ఆ వస్తువుకి న్యాయంగా ఎంత పడాలన్న లెక్క. మీ నాన్నగారు మనసులో వేసే ఆ లెక్కను ఒక ఏ3 కాగితం మీద నిలువు పట్టీగా గీయి. ఒక్కో ఖర్చుకి ఒక్కో రంగు. పక్కన రెండు గీతలు: ఒకటి గత మూడేళ్ల రాగి ధర, ఇంకొకటి అదే పనికి మనం చెల్లించిన రేటు. కేంద్రం నెలనెలా టోకు ధరల సూచీ ప్రకటిస్తుంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. రాగి పెరిగినప్పుడల్లా రేటు పెరిగి, రాగి తగ్గినప్పుడు మాత్రం తగ్గకపోతే ఆ రెండు గీతల మధ్య ఖాళీ కంటికి కనపడుతుంది.

చర్చలో ఆ ఖాళీ చూపించి "ఇది ఎందుకు వచ్చిందో చెప్పండి" అని అడిగితే చాలు. గొంతు పెంచే పనిలేదు. "ఇంకొంచెం తగ్గించండి సార్" అని బతిమాలే పనిలేదు. అవతలివాళ్లు కూడా "అప్పుడు రవాణా పెరిగింది, ఇదిగో బిల్లు" అని లెక్కతోనే జవాబిస్తారు. ఒక్కోసారి మన లెక్కే తప్పని తేలుతుంది, ఒప్పుకోవాలి. అసలు బేరమే లేని టెండర్లలో కూడా రేటు సమంజసంగా ఉందని కమిటీ కారణాలతో రాయాలి. కాబట్టి ఈ కాగితం ఏడాదికి ఒకటి రెండు చర్చలకే కాదు, ప్రతి ఫైలుకీ పనికొస్తుంది. నీ స్నేహితులకి చెప్పాల్సిన జవాబు ఇది.

మన ప్రాంతంవాళ్లు జాగ్రత్తపడాల్సిన ఒక విషయం చెప్పాలి. ఇక్కడి ఆఫీసులకి విశాఖ నుంచో పార్వతీపురం నుంచో వచ్చే పార్టీలు చాలామంది తెలుగువాళ్లే. కమిటీలో ఒక ఒడియా ఆఫీసరు, ఒక హిందీ ఆఫీసరు, నువ్వు ఉంటావనుకో. నీ పేరు విని పార్టీ వెంటనే తెలుగులోకి దిగిపోతాడు. "మనం మనం మాట్లాడుకుందాం మేడమ్" అంటాడు. చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ పక్కవాళ్లకి అర్థంకాని రెండు వాక్యాలు అక్కడ నడిస్తే, తర్వాత ఏ ఫిర్యాదు వచ్చినా అవే నీ మెడకి చుట్టుకుంటాయి. నవ్వుతూనే అందరికీ తెలిసిన భాషలో జవాబివ్వు. చర్చ ముగియగానే మినిట్స్ రాసి ఇరువైపులా సంతకాలు పెట్టించాకే గది బయటికి రా. మూడు భాషలు వచ్చినదానివి కాబట్టి, టెండరు వేయకముందు జరిగే ప్రీ బిడ్ మీటింగ్‌లో చిన్న సప్లయర్లకి షరతులు అర్థమయ్యేలా, అందరి ముందూ చెప్పగలవు. నీ తెలుగు అక్కడ బంగారం.

మీ నాన్నగారి ఎనిమిది నెలల సంగతికి వస్తాను. చాలా ఆఫీసుల్లో బోర్డు ఆర్డరు గడితో ఆగిపోతుంది. ఆర్డరిచ్చాం, మన పని అయిపోయిందనుకుంటారు. మా బోర్డులో ఎనిమిదో గడి బిల్లు అని చెప్పాను కదా, నాకు అన్నిటికన్నా ఇష్టమైన గడి అది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రిజిస్టరైన సూక్ష్మ, చిన్న సంస్థలకి సరుకు అంగీకరించిన నాటి నుంచి గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే వడ్డీ కట్టాలి. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనేదాంట్లో కనీసం 25 శాతం ఇలాంటి చిన్న సంస్థల దగ్గరే కొనాలన్న విధానం కూడా ఉంది. కానీ డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని చోట ఎవరు వేస్తారు టెండరు? వేసినా ఆ ఆలస్యానికి అయ్యే వడ్డీని ముందే రేటులో కలిపేస్తారు. మీ నాన్నగారినే అడుగు: ఆ ఆఫీసు మళ్లీ పిలిస్తే పాత రేటుకే చేస్తారా అని. బిల్లు గడిలో ఎర్ర చుక్కలు తగ్గితే తర్వాతి టెండరుకి పార్టీలు పెరుగుతాయి, రేటు దానంతటదే దిగుతుంది. ఏ చర్చా అక్కర్లేదు. ప్రాజెక్టు రిపోర్టులో దీనికి ఒక అధ్యాయం ఇవ్వమని నా గట్టి సలహా.

చేతులు తడపడం గురించి ఆయన భయం ఊరికే వచ్చింది కాదు, నేను కాదనను. పేరు, తేదీ గోడ మీద ఉన్న చోట ఫైలు తొక్కిపెట్టి డబ్బడగడం కష్టమవుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను.

ఉద్యోగాల విషయం క్లుప్తంగా. నువ్వు ఇంజనీరింగ్ చదివావు కాబట్టి రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు జూనియర్ ఇంజనీర్లతో పాటు నింపే డిపో మెటీరియల్ సూపరింటెండెంట్ పోస్టు చూడు. ఇది నేరుగా స్టోర్స్ పనే. దగ్గర్లోనే దామన్‌జోడిలో నాల్కో, సునాబేడాలో హెచ్ఏఎల్ ఉన్నాయి. ఇలాంటి సంస్థల్లో ఇంజనీర్‌గా చేరినవాళ్లు మెటీరియల్స్ విభాగంలోకి వెళ్లే అవకాశం ఉంటుంది. ఉద్యోగంలో చేరాక ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేస్తే మంచిది, ఇప్పుడే తొందరలేదు. ప్రభుత్వ ఉద్యోగం రాకపోయినా టెన్షన్ పడకు. 2016లో ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ వేదిక జెమ్ పోర్టల్ వచ్చాక దాని మీద బిడ్లు సరిగ్గా వేయగలిగినవాళ్ల అవసరం ప్రైవేటు సప్లయర్లకి బాగా పెరిగింది. చదవాల్సినవి రెండే: జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో కొనుగోళ్ల అధ్యాయం, కేంద్ర వ్యయ విభాగం వేసిన వస్తు కొనుగోళ్ల మాన్యువల్. రెండూ నెట్‌లో ఉచితం. మాన్యువల్ 2017 తర్వాత మారింది కాబట్టి తాజా కాపీ చూసుకో.

ఈ ఆదివారం షాపు కట్టేశాక మీ నాన్నగారి పాత బిల్లు పుస్తకాలు అడుగు. గత మూడేళ్లలో రాగి వైరు కొన్న రేట్లు ఒక గీతగా, అయిదు హార్స్ పవర్ మోటారుకి ఆయన తీసుకున్న రీవైండింగ్ ఛార్జీ ఇంకో గీతగా గీయి. ఆ కాగితాన్ని ముందు ఆయనకే చూపించు. నువ్వు లెక్కలో ఎక్కడ తప్పావో ఆయన వెంటనే పట్టేస్తారు. ఆ దిద్దుబాట్లతో సహా నాకు పంపమ్మా, చూసి మళ్లీ రాస్తాను.