బబుల్ యాప్‌ను నోషన్‌తో కలపడం ఎలా?

బబుల్‌తో (కోడ్ రాయకుండా యాప్‌లు తయారుచేసే వేదిక) చేసిన యాప్‌లో నమోదైన ఫిర్యాదు, బృందం వాడే నోషన్ (నోట్స్, సమాచార పట్టికలు ఉంచుకునే యాప్) డేటాబేస్‌లో దానంతట అదే పేజీగా చేరాలంటే, యాప్‌లను ఒకదానితో ఒకటి కలిపే జాపియర్ సేవలో, బయటి నుంచి వివరాలు అందుకునే వెబ్ చిరునామా అయిన వెబ్‌హుక్‌ను ట్రిగర్‌గా, అంటే పని మొదలుపెట్టే సంకేతంగా పెట్టి (దీనికి చెల్లింపు ప్లాన్ అవసరం), అది ఇచ్చే చిరునామాకు బబుల్‌లోని ఏపీఐ కనెక్టర్ (బయటి సేవలతో వివరాలు ఇచ్చిపుచ్చుకునే ప్లగిన్) ద్వారా వివరాలు పంపి, తరువాతి దశలో నోషన్ డేటాబేస్‌లో కొత్త పేజీని సృష్టించే చర్యను ఎంచుకోవాలి. నోషన్ ఖాతాను జాపియర్‌తో కలిపేటప్పుడు ఆ డేటాబేస్‌కు కూడా అనుమతి ఇవ్వాలి. లేకపోతే అది జాబితాలో కనిపించదు.

అన్నిటికంటే ముఖ్యమైనదిగా నేను భావించేది, సృష్టించిన నోషన్ పేజీ ఐడీని తిరిగి బబుల్‌లోని అదే రికార్డులో భద్రపరచడం. అలా చేయకపోతే ఫిర్యాదును సవరించిన ప్రతిసారీ పాత పేజీ మారడానికి బదులు మరో కొత్త పేజీ పుట్టుకొస్తుంది. నోషన్ ఏపీఐ (ఇతర యాప్‌లు నోషన్‌కు వివరాలు పంపే మార్గం) సగటున సెకనుకు 3 అభ్యర్థనలనే స్వీకరిస్తుంది కనుక, పాత రికార్డులన్నిటినీ ఒకేసారి కాక విడతలుగా పంపాలి.