రివాల్వర్ పుట్టుపూర్వోత్తరాలు వెతకబోయే మేనల్లుడికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. రివాల్వర్ కంటే ముందు దాని కింద ఉన్న మీ భోజనాల బల్ల నా కంట పడింది. అది అక్కడ ఉండకూడదు. లైసెన్సు పోయిన మీ నాన్న, మా బావగారి పేరు మీద ఉండేది. ఇల్లు, పొలం వచ్చినట్లు అది నీకు దానంతటదే రాదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఆయుధాన్ని జాప్యం లేకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. ముందు స్టేషన్‌కు ఫోను చేసి సంగతి చెప్పు, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే అప్పగించు, రసీదు తీసుకో. వారసుడిగా లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకునే దారి నీకు ఉంది. మీరు విజయవాడలో ఉన్నారు కాబట్టి అది పోలీసు కమిషనర్ గారి కార్యాలయానికి వెళ్తుంది.

నూరేళ్లు దాటిన వస్తువుకు లైసెన్సు అక్కర్లేదని ఎవరో చెప్పారని రాశావు. అదే చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ మరమ్మతు చేసినా కాల్చడానికి పనికిరానివాటికే అది వర్తిస్తుంది. తూటాలు పెట్టే సిలిండర్ చక్కగా తిరుగుతోందని నువ్వే మురిసిపోతూ రాశావు. ఇక ఆ మినహాయింపు సంగతి మరిచిపో.

ఈ రివాల్వర్ ఎప్పటిదో, మన ఇంటికి ఎలా వచ్చిందో ఎలా తెలుసుకోవాలని అడిగావు, ఇప్పుడు ఆ విషయానికి వస్తాను. వన్‌టౌన్‌లో ఆయుధాల దుకాణం లెక్కలు రాస్తూ బతికినవాణ్ణి కాబట్టి నాకు తుపాకుల కంటే రిజిస్టర్ల మీద నమ్మకం ఎక్కువ. ఏ కాగితమైనా అది చెప్పినంత మేరకే నమ్మాలి. దానికి ఒక్క మాట కూడా మనం చేర్చకూడదు. ఈ వెతుకులాటలో పడినవాళ్లు తప్పటడుగు వేసేది దాదాపు ఎప్పుడూ అక్కడే.

గొట్టం మీద 1901 అని ఉంది కాబట్టి అది 1901లో తయారైందని తేల్చేశావు. ఫొటోను పెద్దది చేసి మళ్లీ చూడు. అక్కడ ఉన్నది ఒకే సంవత్సరం కాదు, వరుసగా 1901, 1906, 1909 ఉన్నాయి. అవి దాన్ని తయారు చేసిన అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెసన్ వాళ్ల పేటెంట్ తేదీలు. తర్వాత చాలా ఏళ్లపాటు వాటిని అలాగే కొడుతూ వచ్చారు. వాటిలో చివరిదాన్ని బట్టి ఒక్కటే చెప్పగలం: ఆ గొట్టం 1909కి ముందుది కాదు. తర్వాత ఎప్పటిదైనా కావచ్చు.

మరి మీ ముత్తాతగారికి 1903లో గుంటూరు కలెక్టరు దొర దాన్ని బహూకరించాడన్న కథ ఏమవుతుంది? పేటెంట్ తేదీ సంగతి అటుంచినా, ఆ ఏడాది గుంటూరు జిల్లాయే లేదు. 1859లో రద్దయిన జిల్లాను మళ్లీ 1904లో ఏర్పాటు చేశారు. అంతవరకు ఇటువైపు చాలా ప్రాంతం మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో ఉండేది. అంతమాత్రాన పెద్దవాళ్లు అబద్ధం చెప్పారని అనను. సంవత్సరం మారి ఉండవచ్చు, దొర మారి ఉండవచ్చు, ఆ దొర ఇచ్చిన తుపాకీ వేరొకటి కావచ్చు. కథను ఒక కాగితం మీద ఉన్నదున్నట్లు రాసి పక్కన పెట్టు. పాత రికార్డుల కోసం కంపెనీ వాళ్లకు రాసే ఉత్తరంలో మాత్రం దాన్ని చేర్చకు.

తర్వాతది నంబరు. సిలిండర్ బయటికి తెరిచినప్పుడు దాన్ని పట్టుకుని ఉండే చేయి దగ్గర కనిపించిన అంకెలు రాసి పంపావు. అవి తయారీ సమయంలో ఫ్యాక్టరీ లోపలి వాడకానికి వేసుకున్న అంకెలు. అసలు సీరియల్ నంబరు పిడి అడుగున, చట్రం మీద ఉంటుంది. అదే నంబరు సిలిండర్ వెనుక ముఖం మీద, గొట్టం అడుగున కూడా ఉండాలి. మూడూ ఒకటే అయితే అవి మొదటినుంచీ కలిసి ఉన్న భాగాలని నమ్మవచ్చు. వేరైతే ఎప్పుడో ఏదో మార్చారన్నమాట. ఈ పరిశీలన డీలరు దగ్గర, ఆయన చేతుల మీదుగానే జరగాలి. పిడి చెక్కలు విప్పాల్సి వస్తే ఆ పని కూడా ఆయనదే. అక్కయ్య ఇత్తడి సామాను తోమినట్లు చింతపండుతో రుద్దుతుందేమో, ముందే చెప్పి ఉంచు. తుడవడానికి మెత్తటి గుడ్డ, కాస్త తుపాకీ నూనె చాలు. దీపం పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి ఫొటో తీస్తే అరిగిన అంకెలు కూడా తేలతాయి.

అప్పుడే చిన్న చిన్న ముద్రలు కూడా చూడండి. ఈ వెతుకులాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఇంగ్లండులో అమ్మే తుపాకీ ఏదైనా లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో పరీక్షకు నిలిచి ముద్ర వేయించుకోవాలి. బర్మింగ్‌హామ్‌లో 1904 వరకు కిరీటం కింద అడ్డంగా పెట్టిన రెండు రాజదండాల ముద్ర ఉండేది. ఆ ఏడాది నుంచి కిరీటం కింద బి.వి., బి.పి. అక్షరాలు వచ్చాయి. విదేశీ సరుకైతే 'ఇంగ్లీషు తయారీ కాదు' అని ఇంగ్లీషులోనే కొట్టేవారు. మీ అమెరికా రివాల్వర్ మీద ఇలాంటివి కనిపిస్తే అది ఇంగ్లండు చేయి తగిలే ఇక్కడికి వచ్చిందని అర్థం. అయితే పాత తుపాకీని తర్వాత మళ్లీ పరీక్షకు పెట్టడం కూడా ఉంది, కాబట్టి ముద్ర తేదీ పుట్టిన తేదీ కాకపోవచ్చు. పైభాగంలో అమ్మినవారి పేరు చెక్కి ఉందేమో కూడా చూడు. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తా మాంటన్, రోడా, లండన్ ఆర్మీ అండ్ నేవీ సొసైటీ లాంటి పేర్లు ఆ రోజుల్లో తుపాకుల మీద కనిపించేవి. ఒక్క పేరు దొరికితే సగం దారి తెలిసినట్లే.

అమ్మినవారి పుస్తకానికి ఎంత బలం ఉంటుందో రోడా కంపెనీ కథే చెబుతుంది. 1914 ఆగస్టు 26న ఓడరేవు నుంచి గిడ్డంగికి వెళ్లాల్సిన సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు బెంగాల్ విప్లవకారుల చేతికి వెళ్లాయి. ప్రతి పిస్తోలు నంబరూ కంపెనీ దగ్గర రాసి ఉంది. తర్వాత ఎక్కడ ఏది పట్టుబడినా అది ఆ సరుకులోదో కాదో పోల్చి చూడటానికి ఆ జాబితా ఉంది. విప్లవకారులకు అది చేటే అనుకో, కానీ లెక్కలు రాసేవాడిగా నాకు ఆ గుమాస్తా మీద గౌరవం.

నంబరు ఖాయమయ్యాక స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్‌కు రాయి. రుసుము తీసుకుని పాత రికార్డులు చూసి ఉత్తరం పంపుతారు. మరో అమెరికా తుపాకుల కంపెనీ కోల్ట్‌కు కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. కాకపోతే వాళ్ల హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీ 1864లో కాలిపోయింది కాబట్టి అంతకుముందు వాటికి ఆశ తక్కువ. నీ ఉత్తరంలో సీరియల్ నంబరు, బోర్ (గొట్టం లోపలి వెడల్పు), గొట్టం పొడవు, రంగు, పిడి రకం, ఫొటోలు ఉంటే చాలు. వస్తువును మాత్రం దేశం దాటించే ఆలోచన పెట్టుకోవద్దు. నూరేళ్లు దాటినదైతే 1972 పురావస్తువుల చట్టం కూడా అడ్డొస్తుంది.

వచ్చే జవాబులో ఫ్యాక్టరీ నుంచి సరుకు ఏ రోజు బయలుదేరిందో, ఎవరికి పంపారో ఉంటుంది. ఆ 'ఎవరికి' చూసి నీరసపడకు. 19వ శతాబ్దంలో వాళ్ల సరుకు చాలావరకు న్యూయార్క్‌లో ఎం. డబ్ల్యు. రాబిన్సన్ అనే టోకు వర్తకుడి పేరు మీదే వెళ్లేది. మీదానికీ ఏదో ఒక వర్తకుడి పేరే రావచ్చు. పంపిన తేదీ, తయారైన తేదీ ఒకటి కావు. నంబర్ల వరుసలోనే పంపేవాళ్లూ కాదు, కొన్ని ఏళ్ల తరబడి గిడ్డంగిలోనే ఉండిపోయేవి. నికెల్ పూతతో పంపినట్లు ఉత్తరంలో ఉండి, చేతిలో ఉన్నది నల్లగా ఉంటే తర్వాత ఎవరో రంగు మార్పించారని తెలుసుకో.

ఆ వర్తకుడి నుంచి మీ ఇంటి గుమ్మం దాకా ఉన్న దారి అమెరికా వాళ్లు చెప్పలేరు. అది మన దగ్గరే వెతకాలి. బావగారి ఇనప్పెట్టెలో పాత లైసెన్సు పుస్తకాలు, రెన్యువల్ ముద్రలు, ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చేసిన రసీదులు అన్నీ బయటికి తీసి ఏళ్ల వారీగా పేర్చు. ఎన్నికల రసీదులను చిన్నచూపు చూడకు, ప్రతిసారీ నంబరు తాజాగా రాస్తారు కాబట్టి అవి మంచి సాక్ష్యం. రాసేవాళ్ల చేతిలో 3 కాస్తా 8 అవుతుంది, ఒక్కోసారి పేటెంట్ తేదీయే నంబరుగా ఎక్కుతుంది. అందుకే ఒకదానితో ఒకటి పోల్చాలి. ఏ కాగితంలో మొదట ఈ నంబరు కనిపిస్తుందో అక్కడి నుంచి వెనక్కి వెళ్లు. 1953కి ముందు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం కాబట్టి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ కూడా చూడాల్సి రావచ్చు. మీ సొంత ఊరు నరసరావుపేట దగ్గర కనుక 2022 విభజన తర్వాత పాత ఫైళ్లు పల్నాడు జిల్లాకు వెళ్లాయేమో ముందు కనుక్కో.

పూర్తి నంబరును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. దాన్ని పట్టుకుని దొంగ కాగితాలు పుట్టించేవాళ్లు ఉంటారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు లైసెన్సు పుస్తకాలు, రసీదులు తీసుకురా. కూర్చుని చూద్దాం. స్టేషన్ వాళ్లో డీలరో ఇచ్చిన జమ రసీదు కాపీ మాత్రం ఈ వారంలోనే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మామయ్య