రేస్ ట్రాక్ కోసం ఫోర్ వీల్ డ్రైవ్ కారులో ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా తొక్కినా టైర్లు బిగుసుకుపోయి లాకవకుండా చూసే సిస్టమ్) తీసేయొచ్చా?
తీసేయొచ్చన్నా, కానీ ఉత్త ఫ్యూజు పీకేస్తే చాలదు, ఇప్పటి కార్లలో వెనక బ్రేక్ ప్రెషర్‌ని అదుపు చేసే ఈబీడీ కూడా ఆ ఏబీఎస్ యూనిట్‌లోనే ఉంటాది, అది ఆగిపోతే గట్టిగా తొక్కినప్పుడు బరువంతా ముందుకొచ్చి వెనక టైర్లు ముందే లాకయి కారు గిర్రున తిరిగిపోవచ్చు. యూనిట్ తీసి కొత్త పైపులేసి, వెనక లైన్‌కి ప్రెషర్ తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టి, ముందు టైర్లే మొదట లాకయ్యేలా సెట్ చేసుకోవాల. ముందు వెనక చక్రాలకి పవర్ పంచే సెంటర్ డిఫరెన్షియల్ లాక్‌లో ఉంటే ఇంకా కష్టం, ముందూ వెనకా కలిసే తిరుగుతాయి కాబట్టి ఒకవైపు లాకయితే రెండోవైపునీ పట్టేస్తాది. వీల్ స్పీడ్ సెన్సార్లు మాత్రం పీకొద్దు, చాలా కార్లలో ఫోర్ వీల్ డ్రైవ్ కంట్రోల్ వాటి మీదే నడుస్తాది. శ్రీపెరుంబుదూరు ట్రాక్‌కి ట్రైలర్ మీద తీసుకుపోయే కారైతే సరే, అదే కారులో వానలో తిరుమల ఘాట్ దిగేదుంటే దయచేసి తీయొద్దన్నా, టైరు లాకయిందంటే స్టీరింగ్ ఎంత తిప్పినా మలుపు తిరగదు.