ఘాట్ రోడ్డు మీద తిరిగే కారుకు ఎలాంటి బ్రేక్ డిస్కులు వేయించాలి?

తిరుమలకు తరచూ వెళ్లివచ్చే కారుకైనా, ఆ మోడల్‌కు తయారీదారు నిర్దేశించిన కొలతలున్న మామూలు డిస్కులే సరైనవి. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి లోహపు బిళ్ల; బ్రేక్ వేసినప్పుడు కారు వేగం వేడిగా మారి అందులోకి చేరుతుంది. ఆ వేడిని భరించేది అందులోని లోహమే కనుక, వ్యాసం, మందం, బోల్టు రంధ్రాలు, నడిమి రంధ్రం అన్నీ పాతదానితో సరిపోవాలి. మధ్యలో గాలి సందులున్న డిస్కు స్థానంలో సందుల్లేని పలక డిస్కును ఎన్నడూ వేయించకూడదు.

ఎంతవరకు అరగవచ్చో తెలిపే కనీస మందం సాధారణంగా డిస్కు మీదే అచ్చుపడి ఉంటుంది, కాకపోతే తుప్పు తుడిస్తేనే కనబడుతుంది. కొత్తగా 22 మి.మీ. ఉన్న డిస్కుకు కనీస మందం 20 మి.మీ. అయి, అది ఇప్పుడు 20.3 మి.మీ.కు అరిగిందనుకుందాం. దాన్ని లేత్ పట్టిస్తే, అంటే నునుపు కోసం యంత్రం మీద పైపొర చెక్కిస్తే, హద్దు దాటే ప్రమాదముంది. అలా పలుచబడ్డ డిస్కు, 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా కొండ దిగుతున్నప్పుడు త్వరగా కాగిపోయి, దాన్ని రెండు పక్కలా నొక్కిపట్టే ప్యాడ్ల పట్టు సడలి, పెడల్ ఎంత నొక్కినా కారు ఆగడం ఆలస్యమవుతుంది. అందుచేత మార్చడమే మంచిది, అదీ ఒకే ఇరుసుకున్న రెండు డిస్కులనూ కొత్త ప్యాడ్లతో కలిపి.

రంధ్రాలు తొలిచిన డిస్కులు కారును ఇంకా తొందరగా ఆపుతాయన్నది చాలామందికున్న అపోహ. రంధ్రాల వల్ల వేడిని భరించే లోహం తగ్గుతుంది, పదేపదే కాగి చల్లారితే వాటి అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. దిగుడులో డిస్కుల మీద భారం నిజంగా తగ్గించేది తక్కువ గేరు.